చేతులు తీశాక అనే మాట

సంచి సర్దడం మా ఇంట్లో మొదటినుంచీ నా పనే. నాన్న లారీ పనికి వెళ్ళిన రోజున ఆయన బనీన్లూ, గడ్డం గీసుకునే డబ్బా ఖాకీ సంచిలో పెట్టింది నేను. అమ్మను ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఫ్లాస్కూ, దువ్వెనా, మెత్తటి తువ్వాలూ మూటగట్టింది నేను. మా ఆయన వేరే ఊళ్ళో మంచి ఉద్యోగం దొరికిందని వెళ్ళినప్పుడు చొక్కాలు నలగకుండా మధ్యలో అట్టముక్కలు పెట్టి మరీ సర్దాను. ఆ ముగ్గురిలో ఒక్కరూ తిరిగొచ్చి, ఇదిగో ఈ సంచి విప్పు అని నా చేతికివ్వలేదు.

ఆ మధ్యాహ్నం నేను సర్దుతున్నది మా చెల్లెలి సంచి. నీలం రంగుది. జిప్పు మూల దగ్గర పట్టేస్తుంది. నాకు మిగిలిన మనిషి అదొక్కతే.

"మూడు నెలలకే కదక్కా" అంది వంటింట్లోంచి. "నువ్వు చూస్తే మూడు జన్మలకు సర్దుతున్నావు."

"స్వెట్టరు పెట్టనా?"

"అక్కడ ఉక్కపోతట."

"ఉక్కపోతలోనైనా జ్వరం వస్తే చలేస్తుంది. అప్పుడెవరిస్తారు?"

"ఇదిగో, మళ్ళీ స్టార్ట్ చేశావు."

నా దిగులుకు మా చెల్లి పెట్టిన పేరు అది. నేను నోరు తెరిచి, బస్సు బోల్తా పడితేనో, మెట్ల మీద కాలు జారితేనో అనగానే 'మళ్ళీ స్టార్ట్ చేశావు' అంటుంది. అది అన్నదాంట్లో తప్పేమీ లేదు. మా ఇద్దరి బతుకూ ఆ మాట చుట్టూనే తిరిగింది.

ఆ మాటను నేను చదవడం రాకముందే చూశాను. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో, ఆకుపచ్చ బొత్తాం మీద. చిన్నప్పుడు బడికి పోలేదు. బొత్తాల మీదివీ, సబ్బు డబ్బాల మీదివీ, బస్సుల నుదుటి మీదివీ అక్షరాలు ఒక్కొక్కటే ఏరుకుని చదవడం నేర్చుకున్నాను. మన అక్షరాలు వచ్చాక, అవి పట్టుకుని ఇంగ్లీషు అక్షరాల దాకా పాకాను. అట్టలూడిన నిఘంటువొకటి ఎవరో పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. అందులో మొదట వెతికిన మాట అదే. మొదలుపెట్టు, బయలుదేరు, ఉలికిపడు అని ఉంది. మూడోది చూసి నవ్వొచ్చింది. అది నాకు ఎవరూ నేర్పక్కర్లేకుండానే వచ్చు.

అయితే మా లాండ్రీలో ఆ మాటకు ఈ మూడూ కాని అర్థం ఒకటుంది. అది ఏ నిఘంటువులోనూ దొరకదు.

లాండ్రీ మధ్యలో పెద్ద రోలరు ఉండేది. మనిషి ఎత్తుకు మించిన ఇనప యంత్రం. లోపల ఆవిరితో కాలే ఉక్కు గొట్టాలు తిరుగుతుంటాయి. ఒక వైపు నుంచి తడి దుప్పటి పెడితే, రెండో వైపు నుంచి ఆరి, ఇస్త్రీ అయి వస్తుంది. పెట్టే వైపు నేనూ, పాటలమ్మా ఉండేవాళ్ళం. ఆమెకు ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. నోరు మూసుకుంటే చెయ్యి ఆడదు ఆ మనిషికి. అవతలి వైపు దుప్పటి అందుకుని మడతపెట్టేది మా చెల్లి. బొత్తాం దాని వైపు ఉండేది. మధ్యలో యంత్రం అడ్డం, ఆపైన ఆవిరి. ఒకరికొకరం కనపడేవాళ్ళం కాదు.

దుప్పటి ఒక్కోసారి రోలరు నోటి దగ్గర ముడతపడేది. అరిస్తే మా చెల్లి ఆపేది. మేము చెయ్యి లోపలికి పెట్టి ముడత లాగేవాళ్ళం. అప్పుడది అవతలి నుంచి "స్టార్ట్?" అని అడిగేది. చెయ్యి పెట్టిన మనిషి చెయ్యి బయటికి తీసి, రెండు చేతులూ ఒకసారి చూసుకుని, "స్టార్ట్!" అని బదులివ్వాలి. బదులొస్తేనే బొత్తాం. సూపర్వైజరు పక్కన నిలబడి గొంతు చించుకున్నా సరే, బదులు లేందే బొత్తాం లేదు. అలాగని తాపీగా కూర్చోవడానికీ లేదు. ఆగిన రోలరు చల్లారదు కదా, లోపల చిక్కుకున్న దుప్పటి మీద పసుప్పచ్చటి మాడు పడిపోతుంది. ఇక అది ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు.

అందుకని మా దగ్గర ఆ మాట అంటే మొదలుపెట్టమని కాదు. నా చేతులు బయట ఉన్నాయి, ఇక నీ ఇష్టం అని.

ఆ మాట మా వెంట ఇంటికి కూడా వచ్చేసింది. షిఫ్టులు వేరైన రోజుల్లో మా చెల్లి తలుపు దగ్గర చెప్పులేసుకుని "స్టార్ట్?" అనేది. నేను లోపలినుంచి "స్టార్ట్!" అనేదాన్ని. వేళాకోళంగా మొదలైంది. తర్వాత్తర్వాత నా బదులు రాకపోతే గడప దాటడం మానేసింది. ఒకసారి నేను స్నానాలగదిలో పంపు విప్పుకుని ఉన్నాను, వినపడలేదు. బయటికొచ్చి చూస్తే అది చెప్పులతో అలాగే గడప దగ్గర నిలబడి ఉంది. ఆ పూట జీతం పోయింది. "మీ అక్క స్నానం చేస్తోందని డ్యూటీకి రాలేదా?" అని సూపర్వైజరు లాండ్రీ మొత్తానికి వినపడేలా అడిగితే, "అవును సార్, బాగా మురికి పట్టింది" అందట.

నాకు ఆ అలవాటు ఇంకో కారణానికి నచ్చింది. మనవాళ్ళు వెళ్ళేటప్పుడు వెళ్తున్నాననరు, వెళ్ళొస్తానంటారు. నాన్న అలాగే అన్నాడు. అమ్మ స్ట్రెచరు మీద పడుకుని కూడా అలాగే అంది. మా ఆయన కుడి చెప్పు కోసం మంచం కింద వెతుక్కుంటూ అన్నాడు. ఈ ఇంగ్లీషు మాటలో వెళ్ళడమే ఉంది, రావడం లేదు. లేనిదాన్ని నమ్ముకుని కూర్చునే బాధ కూడా లేదు. అయినా మా చెల్లి రోజూ సాయంత్రానికి వచ్చేసేది.

పాటలమ్మ సంగతి కూడా చెప్పాలి. అది లేకపోతే మిగతాది అర్థం కాదు.

ఆ రోజు నేను తడి దుప్పట్ల బండి తోసుకురావడానికి వెళ్ళాను. పాటలమ్మ ఒక్కతే ఉంది. ముడత పడింది, రోలరు ఆగింది, ఆమె చెయ్యి పెట్టి లాగుతోంది. పాట మాత్రం ఆగలేదు. అవతలి నుంచి "స్టార్ట్?" వినపడింది. చెయ్యి లోపల ఉండగానే, పాటలో పాటగా, "స్టార్ట్!" అనేసింది. ఇన్నేళ్ళుగా అని అని నోటికి అలవాటైపోయిన మాట కదా, చేతిని అడక్కుండానే వచ్చేసింది. నేను బండి వదిలేసి పరిగెత్తేసరికి కుడిచేతి వేళ్ళు నలిగిపోయాయి. ఆమె మళ్ళీ పనిలోకి రాలేదు. పాడటం కూడా మానేసిందని విన్నాం.

తప్పు ఎవరిదీ కాదని అందరూ అన్నారు. అడగాల్సింది అడిగింది, రావాల్సిన బదులు వచ్చింది. కానీ మా చెల్లి ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుని, "నాకు తెలిసిందక్కా" అంది. "చేతులు తీసి అనే స్టార్ట్ వేరు, ఊరికే నోరు అనే స్టార్ట్ వేరు. చెవికి తెలిసింది. వేలు ఆగలేదు." అప్పటినుంచి దానికి ఏ కలత వచ్చినా ఎడమ చేత్తో కుడిచేతి చూపుడువేలు రుద్దుకుంటుంది. బొత్తాం నొక్కిన వేలు అది.

ఈ మధ్యనే లాండ్రీ మూసేశారు. నేను అప్పటికే కళ్ళు ఆనక మానేశాను. రోలరును ఇంకో ఊళ్ళో వాళ్ళు కొనుక్కున్నారు. దాన్ని ముక్కలుగా విప్పి లారీలకెక్కించి, అక్కడ మళ్ళీ బిగించి, అక్కడే ఉండి చూసుకునే పని మా లాండ్రీ మెకానిక్కుకు ఒప్పజెప్పారు. అతన్ని మేమందరం స్పానరాయన అనేవాళ్ళం. వెనక జేబులో స్పానరు లేకుండా ఎవరూ ఎప్పుడూ చూడలేదు. భార్య పోయి చాలాకాలమైంది. నెమ్మదస్తుడు. అక్కడ కొత్తగా చేరిన ఆడవాళ్ళు రోలరు దగ్గరికి రావడానికే హడలిపోతున్నారని, పాతవాళ్ళెవరైనా వచ్చి మూడు నెలలు పక్కనుండి నేర్పాలని కబురొచ్చింది. మా చెల్లి ఆ రోజే సరేనంది. నన్ను అడగలేదు, చెప్పింది.

అదీ సంగతి. మళ్ళీ సంచి దగ్గరికి వస్తాను.

స్వెట్టరు పెడదామని అడుగు బట్టలు ఎత్తాను. తువ్వాలు కింద ఏదో మెత్తగా తగిలింది. లాగితే దిండు. చిరిగిన లాండ్రీ దుప్పట్లు కోసి అమ్మ మా ఇద్దరికీ చెరొకటి కుట్టిన దిండు. నేను వంటింట్లో ఉన్నప్పుడు అడుగున కుక్కి, పైన తువ్వాలు కప్పినట్టుంది.

దాన్ని పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అది టీ వడపోస్తోంది.

"ఇదేంటే?"

"దిండు."

"దిండని నాకూ తెలుసు. మూడు నెలలకోసం దిండు మోసుకెళ్ళేవాళ్ళని ఎక్కడైనా చూశావా?"

"వేరే దిండు మీద నాకు నిద్ర పట్టదు."

"నా కంటి ఆపరేషనప్పుడు ఆసుపత్రి వరండాలో చెయ్యి తలకింద పెట్టుకుని గురకపెట్టావు. నర్సు వచ్చి, పేషెంటు ఎవరమ్మా అని అడిగింది."

మా చెల్లి నవ్వలేదు. టీ గిన్నె పక్కన పెట్టి, గరిట కడగడం మొదలుపెట్టింది. అప్పటికే కడిగిన గరిట అది.

"స్పానరాయన దగ్గర దిండ్లు లేవా?" అన్నాను.

"అక్కా!"

"చెప్పవే. ఎన్నాళ్ళనుంచి?"

"ఎన్నాళ్ళనుంచీ ఏం లేదు. రోలరు విప్పేటప్పుడు నట్లు తీసి నా చేతికిచ్చి దాచమన్నాడు. అంతమంది ఉన్నారు, ఎవరికీ ఇవ్వలేదు. నాకే ఇచ్చాడు. పోతే మళ్ళీ దొరకవండీ, జాగ్రత్త అన్నాడు."

"నట్లిచ్చినవాడి వెంట వెళ్ళిపోతావా, ఈ వయసులో?"

"ఆ వయసులో పూలిచ్చేవాడు ఎవడూ రాలేదుగా."

దానికి పెళ్ళి వయసు వచ్చినప్పుడు నాన్న లేడు. ఆ తర్వాత అమ్మ లేదు. మా ఆయన వెళ్ళిపోయాక నన్ను ఒంటరిగా వదలలేక అది ఎటూ చూడలేదు. ఇప్పుడు యాభై దాటింది. చెవుల దగ్గర తెల్లబడింది. చెవులు మాత్రం పదహారేళ్ళ పిల్లకు ఎర్రబడినట్టు ఎర్రబడి ఉన్నాయి.

"అయితే రావా ఇక?"

"తెలీదు."

"తెలీదంటే?"

"తెలీదంటే తెలీదనే అక్కా. వెళ్ళి చూస్తాను. బాగుంటే ఉంటాను."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు సంచి సర్దేదానివా?"

దిండును గుండెకు అదుముకుని అలాగే నిలబడ్డాను. కోపంతో కాదు. ఈ రెండు గదులూ, ఈ స్టవ్వూ, పక్కింటివాళ్ళ రేడియో గోడలోంచి వినపడటం, ఇవన్నీ ఉంటాయి, మా చెల్లి ఉండదు. రాత్రి దగ్గొస్తే నేను ఒక్కదాన్నే దగ్గుకోవాలి.

"నా సంగతేంటి?" అన్నాను. గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినపడింది.

"నువ్వూ రా. నీ సంచి కూడా సర్దుకో. ఇప్పుడే. నేనే సర్దుతాను, నువ్వు కూర్చో."

"నేనెలా వస్తానే? తాళం వేసి పోతే... ఎవరైనా వస్తే?"

"ఎవరొస్తారు?"

అది గరిట కింద పెట్టి, తడి చేతులు తుడుచుకోకుండానే నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, బావ ఇక రాడు."

ఆ మాట మా ఇంట్లో అంతవరకూ ఎవరూ అనలేదు. అది కూడా అనలేదు. ఇన్నేళ్ళూ నేను ఇల్లు మారకపోయినా, తలుపు రంగు మార్చకపోయినా ఎందుకని అడగలేదు. గోడకున్న మేకుకు ఆయన గొడుగు అలాగే వేలాడుతుంటే దుమ్ము దులిపి మళ్ళీ తగిలించేదే తప్ప తీసేయమనలేదు. ఆ రోజు అనేసింది.

అప్పుడే కింద హారన్ మోగింది. బస్టాండుకని పిలిచిన టాక్సీ.

నేను దిండును తీసుకెళ్ళి నా మంచం మీద, నా దిండు పక్కన పెట్టాను. సంచి జిప్పు సగం వేసి వదిలేశాను. వంటింట్లోకి వెళ్ళి పంపు విప్పి, టీ గిన్నె తోమడం మొదలుపెట్టాను. మనసులో ఒకటే అనుకున్నాను. అడగనీ. నేను బదులివ్వను. బదులు లేందే అది గడప దాటదు. బస్సు వెళ్ళిపోతుంది. టాక్సీ వెళ్ళిపోతుంది. సాయంత్రం ఇద్దరం మాట్లాడుకోకుండా పడుకుంటాం, తెల్లారేసరికి మామూలైపోతుంది. పాపమని తెలుసు. అయినా అంతకన్నా నా చేతిలో ఏముంది?

వెనక జిప్పు పూర్తిగా వేసిన చప్పుడు వినపడింది. మూల దగ్గర పట్టేసింది, లాగింది. చెప్పుల చప్పుడు. తలుపు గడియ తీసిన చప్పుడు.

నేను గిన్నె తోముతూనే ఉన్నాను. నీళ్ళ చప్పుడులో, నా వీపు వెనక, ఎన్నో ఏళ్ళు ఆవిరి అవతలి నుంచి విన్న గొంతు, అదే ఎత్తులో, అదే తొందరలో వినపడింది.

"స్టార్ట్?"

"స్టార్ట్!"

అన్నాను. అనేశాకే నాకు తెలిసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, సబ్బు నురగ మూతికి అంటింది. వెనక్కి తిరిగేసరికి గుమ్మం ఖాళీ. మెట్ల మీద దాని అడుగులు. మొదటి వరస దిగింది. రెండో వరస తిరిగింది. సంచి రెయిలింగుకు తగిలి మోగింది.

అక్కడ ఆగింది.

కిందనుంచి టాక్సీ అతను అరిచాడు, "అమ్మా, వస్తున్నారా, నన్నే పైకొచ్చి టీ తాగమంటారా?"

అడుగులు మళ్ళీ మొదలయ్యాయి. కిందికి కాదు, పైకి. మా చెల్లి ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చి, సంచి నేల మీద పెట్టింది.

"అది లెక్కలోకి రాదు" అంది.

"అన్నానుగా."

"నువ్వనలేదు. నీ నోరు అంది. పాటలమ్మ నోరు అన్నట్టు."

చూపుడువేలు రుద్దుకుంటోంది.

"నీకు నచ్చినట్టే అయిందిగా, వెళ్ళు" అన్నాను మొండిగా.

"ఆ చప్పుడు విని ఒకసారి నొక్కాను నేను. రెండోసారి నొక్కను." అది ఊపిరి తీసుకుంది. "మళ్ళీ అడుగుతాను. చూసుకుని చెప్పు. చెప్పాలని లేకపోతే చెప్పనని అను. కిందికెళ్ళి టాక్సీ పంపించేసి వస్తాను. నిజంగానే చెప్తున్నా."

నిజంగానే చెప్తోందని నాకు తెలుసు. అది ఆ లాండ్రీలో ఎన్ని వేలసార్లు ఆగిందో, అలాగే ఆగుతుంది. ఉంటుంది. నా దగ్గు వింటుంది, నాకు టీ వడపోస్తుంది, గోడ మీది గొడుగు దులుపుతుంది. నేను ఉండమని అడిగితే చాలు.

"ఒక్క మాట అను" అన్నాను. "వెళ్ళొస్తానని అను. చాలు. అదంటే పంపించేస్తాను."

"నాన్న అన్నాడు. అమ్మ అంది. బావ చెప్పు వెతుక్కుంటూ అన్నాడు. నేను కూడా అనాలా?"

"అంటే ఏం పోయింది? ఊరికే ఒక మాట."

"ఊరికే మాటలే వద్దంటున్నాను కదక్కా."

కింద మళ్ళీ హారన్. ఈసారి పొడుగ్గా. ఎవరో కిటికీలోంచి టాక్సీ అతన్ని తిట్టారు, అతను తిరిగి ఇంకా గట్టిగా తిట్టాడు.

"ఎంతసేపు ఆపుతావు?" అంది మా చెల్లి. ఏడుపు రాలేదు దానికి, గొంతు మాత్రం బాగా తగ్గిపోయింది. "లోపల మాడుతోంది."

ఎవరి లోపలో అది చెప్పలేదు. నేను దాని ముఖం చూశాను. కనుబొమ్మ దగ్గర రోలరు ఆవిరి తగిలిన పాత మచ్చ. అమ్మ పోయిన రోజున కూడా ఇలాగే గుమ్మంలో నిలబడి నా ముఖం వైపు చూసింది, ఇప్పుడేం చెయ్యాలక్కా అన్నట్టు. అప్పుడింకా చిన్న వయసు దానిది.

"నీ చేతులెక్కడున్నాయి?" అంది.

దించి చూసుకున్నాను. ఒక చెయ్యి దాని సంచి పట్టీని పట్టుకుని ఉంది. ఎప్పుడు వంగానో, ఎప్పుడు పట్టుకున్నానో నాకే తెలీదు. వేళ్ళ కణుపులు తెల్లబడేంత గట్టిగా పట్టుకున్నాను. సబ్బు నీళ్ళు పట్టీ మీదుగా కారి నీలం గుడ్డ మీద నల్లగా పాకాయి.

విడిచాను. అంత తేలిగ్గా రాలేదు, వేలు తర్వాత వేలు తియ్యాల్సి వచ్చింది.

లోపలికెళ్ళి నా మంచం మీదినుంచి దిండు తెచ్చాను. సంచి జిప్పు తీశాను. దిండు అడుగున పెడితే బట్టలు నలుగుతాయని, బట్టలన్నీ బయటికి తీసి, ముందు స్వెట్టరు, దానిమీద బట్టలు, వాటిమీద దిండు పెట్టాను. బస్సులో తలకింద పెట్టుకోవాలంటే పైన ఉండాలి కదా. మా చెల్లి చూస్తూ నిలబడింది. జిప్పు మూల దగ్గర పట్టేసింది. సబ్బు చేత్తో రాస్తే జారింది.

నిలబడ్డాను. మోకాళ్ళు పటపటమన్నాయి.

"అడుగు" అన్నాను.

అది గడప మీద నిలబడి, చెప్పులేసుకున్న కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, నా కళ్ళలోకి చూస్తూ అడిగింది. లాండ్రీలో మేము ఎన్నడూ ముఖాలు చూసుకుంటూ ఆ మాట అనుకోలేదు.

"స్టార్ట్?"

నేను రెండు చేతులూ పైకెత్తాను. కుడి చెయ్యి చూసుకున్నాను. ఎడమ చెయ్యి చూసుకున్నాను. నురగ మోచేతుల దాకా కారుతోంది.

"స్టార్ట్" అన్నాను.

అది ఇంకాసేపు నిలబడింది, విన్నదాన్ని చెవిలో పెట్టుకుని తూస్తున్నట్టు. తల ఊపింది. సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. సంచి వెనక సీట్లో పెట్టింది. టాక్సీ అతను తాళం తిప్పాడు. బండి దగ్గి ఊరుకుంది. అబద్ధం చెప్పను, ఇది స్టార్ట్ కాకుండా ఉంటే బాగుండునని అనుకున్నాను. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ దగ్గింది. దిగి, బండి ముందు మూత తెరిచి ఏదో కొట్టాడు. మా చెల్లి కూడా దిగి, అతని పక్కన నిలబడి వేలితో ఏదో చూపించింది. స్పానరాయన దగ్గర నేర్చుకుందేమో. ఇద్దరూ ఎక్కారు. ఈసారి ఇంజను అందుకుంది. ఆ చప్పుడుకు నేను ఉలిక్కిపడ్డాను.

మలుపు తిరిగేదాకా చెయ్యి కిటికీ బయట పెట్టి ఊపింది. నాకు కనపడాలని చాలా పైకి ఎత్తి ఊపింది.

రోలరు వారంలో తిరిగిందని ఫోను చేసింది. ఆ తర్వాత ఆదివారం ఆదివారం చేసేది. వెనక, ఉప్పెక్కడుందని అడిగే స్పానరాయన గొంతు వినపడేది. కొత్త పిల్లలకు ముందు చేతులు చూసుకోవడం నేర్పాననీ, బొత్తాం ఆ తర్వాతేననీ చెప్పింది. అక్కడ ఉక్కపోతేననీ, అయినా ఒకసారి జ్వరమొస్తే స్వెట్టరు పనికొచ్చిందనీ చెప్పింది. "చూశావా మరి?" అన్నాను. "మళ్ళీ స్టార్ట్ చేశావు" అంది. వస్తానని ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. రమ్మని అది మాత్రం ప్రతిసారీ అనేది. చూద్దాంలే అనేదాన్ని. గొడుగు మేకునుంచి తీసి బీరువా వెనక పెట్టాను గానీ, ఇల్లు వదల్లేకపోయాను.

మా చెల్లెలు తిరిగి రాలేదు. వెళ్ళిన అయిదో ఏడు, చలికాలం మొదట్లో, ఒక మంగళవారం పొద్దున్న అక్కడే చనిపోయింది.